చుక్కకు చోటు చూపండి: అనాస కళ్ళ లెక్కతో మెదడు బొమ్మ వేయడం ఎలా

ముందు ఒక అనాసపండు కొనుక్కురండి. మా పర్లాకిమిడి బజారుకి సీజన్లో సీతంపేట కొండల వైపు నుంచి వస్తాయి. మీ ఊళ్ళో ఎక్కడ దొరికితే అక్కడే కొనండి. గీతలు చెదరని గట్టి కాయ అయితే మంచిది. ఇంటికి తెచ్చి వెంటనే కోయకండి. దాంతో ఓ గంట పని ఉంది. మనం వేయబోయే మెదడు బొమ్మలో నడుమ చుక్కల పువ్వు, దాని చుట్టూ తాడు మడతలు, కింద నరం కొమ్మలు ఉంటాయి. ఆ పువ్వుకి దారి ఈ పండే చూపిస్తుంది.

పండుని బల్ల మీద నిలబెట్టండి. దాని ఒంటినిండా కళ్ళుంటాయి కదా, ఏదో ఒక కన్ను మీద ఎర్ర స్కెచ్ పెన్‌తో చుక్క పెట్టండి. ఆ కంటిని ఆనుకుని కుడివైపు పైకి ఏటవాలుగా ఒక వరస వెళ్తుంది. కన్ను తరవాత కన్ను, ఆ వరసంతా ఎర్రగా గీయండి. దాని పక్క వరస వదిలిపెట్టకుండా అంకె వేయండి. రెండు, మూడు, నాలుగు... పండుని తిప్పుకుంటూ పోతే మళ్ళీ మొదటి ఎర్ర గీత దగ్గరికి వస్తారు. ఇప్పుడు నీలం పెన్ను తీసుకుని ఎడమవైపుకి ఎక్కే వరసలు లెక్కపెట్టండి. ఎక్కువ పళ్ళలో ఒక వైపు 8, ఇంకో వైపు 13 వస్తాయి. ఇంకా నిటారుగా ఎక్కే వరసలు చూస్తే 21. నేను మొదటిసారి లెక్కపెట్టినప్పుడు నమ్మకం కుదరక మూడు పళ్ళ మీద గీశాను. మూడింటిలోనూ అవే అంకెలు.

5, 8, 13, 21, 34, 55. పక్కపక్క అంకెలు రెండు కలిపితే తరవాతది వస్తుంది. లోకం దీన్ని ఫిబొనాచ్చి వరస అంటుంది. ఫిబొనాచ్చి అనే ఇటలీ గణితజ్ఞుడు ఈ అంకెలున్న పుస్తకం రాసింది 1202లో. అంతకు దాదాపు 50 ఏళ్ళ ముందే గుజరాత్‌లో హేమచంద్రాచార్యుడు, ఆయనకన్నా ముందు విరహాంకుడు ఈ అంకెలు పట్టుకున్నారు. అదీ పువ్వుల్లో కాదు, ఛందస్సులో. లఘువు ఒక మాత్ర, గురువు రెండు మాత్రలు. నాలుగు మాత్రల్ని ఎన్ని రకాలుగా నింపవచ్చు? లలలల, గలల, లగల, లలగ, గగ. అయిదు. మూడు మాత్రలకి మూడు రకాలే. అయిదు మాత్రలకి ఎనిమిది. పద్యం గణాలు విడగొట్టిన వాళ్ళెవరైనా కాగితం మీద రాసి చూసుకోవచ్చు.

ఇప్పుడు అసలు సంగతి. అనాస మొక్కకి 8, 13 లెక్కలేమీ తెలియవు. కొత్త మొగ్గ పుట్టినప్పుడల్లా ఎక్కడ చోటు ఎక్కువుంటే అక్కడ కూర్చుంటుంది, అంతే. 1992లో దువాడి, కూదే అనే ఫ్రెంచి శాస్త్రవేత్తలు మొక్క లేకుండానే దీన్ని చేసి చూపించారు. ఒకదాన్నొకటి తోసుకునే అయస్కాంత ద్రవం బొట్లను పళ్ళెం మధ్యలో ఒక్కొక్కటిగా వదిలారు. బొట్లు వాటంతట అవే పొద్దుతిరుగుడు వరసల్లో సర్దుకున్నాయి. బొట్టుకీ బొట్టుకీ మధ్య మలుపు దాదాపు 137.5 డిగ్రీలు. ఎవరూ కొలిచి పెట్టలేదు. చోటు వెతుక్కుంటే ఆ కోణం వచ్చింది.

అందుకే ఈ బొమ్మలో సుడిని సుడిలా గీయబోవడం లేదు, మెదడుని చూసి మెదడులా గీయబోవడం లేదు. చుక్కకు చోటు, కొమ్మకు చోటు, గీతకు చోటు. ఈ మూడు చిన్న నియమాలు పట్టుకుంటాం. బొమ్మ దానంతటది వస్తుంది. మా వీధిలో ఒక గుమ్మం ముందు తెలుగువాళ్ళ ముగ్గు, పక్క గుమ్మం ముందు ఒడియా వాళ్ళ జోటి ఉంటాయి. ముగ్గులో ముందు చుక్కలు పెట్టి తరవాత గీత లాగుతాం. చుక్కలు సరిగ్గా పడితే గీత తప్పదని అమ్మలు చెప్పే మాట ఇక్కడ అక్షరాలా పనికొస్తుంది.

సామాన్లు

56 × 71 సెంటీమీటర్ల డ్రాయింగ్ షీటు ఒకటి, అది పట్టేంత గట్టి అట్ట, స్కేలు, ప్రొట్రాక్టర్, గుండుసూది, పెన్సిల్, మంచి రబ్బరు, రెండు మూడు రంగుల పోస్టర్ కలర్, ఫెవికాల్, సుమారు 8 మీటర్ల సన్నటి పురికొస లేదా ఊలు. ఇవన్నీ స్కూళ్ళ దగ్గర ఫ్యాన్సీ షాపుల్లో దొరికేవే. 18 సెంటీమీటర్ల పొడవు, 2 సెంటీమీటర్ల వెడల్పు అట్టముక్క ఒకటి విడిగా కోసి పెట్టుకోండి. దీన్ని పట్టీ అంటాను. ఈ పనిలో మనకి అదే కుడిచెయ్యి.

షీటుని నిలువుగా పెట్టండి. పై అంచు నుంచి 21 సెంటీమీటర్లు కిందికి, ఎడమ అంచు నుంచి 28 సెంటీమీటర్లు లోపలికి ఒక చుక్క పెట్టండి. పువ్వు మధ్యభాగం అదే. దాని చుట్టూ 44 సెంటీమీటర్ల వెడల్పు, 34 సెంటీమీటర్ల ఎత్తు వచ్చేలా మెదడుని పక్కనుంచి చూసినట్టు పల్చగా పెన్సిల్‌తో గీత గీయండి. ముందు గుండ్రం, వెనక కాస్త సాగిన గుండ్రం, కింద కొద్దిగా చదును. అచ్చంగా రావాలన్న టెన్షన్ వద్దు. కింద మిగిలిన చోటులో నరం కొమ్మలు దిగుతాయి.

పువ్వు: 144 గీతలు, 55 గెంతులు

అన్నిటికన్నా ఎక్కువ సమయం పట్టేది ఇదే. సగం రోజు కేటాయించుకోండి.

137.5 డిగ్రీలు ప్రొట్రాక్టర్‌తో 144 సార్లు కొలిస్తే చెయ్యి తప్పక జారుతుంది. దానికి ఒక సుళువు ఉంది. 360 డిగ్రీలని 144 భాగాలు చేస్తే ఒక్కోటి 2.5 డిగ్రీలు. అలాంటివి 55 కలిస్తే సరిగ్గా 137.5. అంటే చుట్టూ 144 గీతలు పెట్టుకుంటే చాలు, ఇక కోణం కొలవక్కర్లేదు, 55 గీతలు గెంతడమే. 55, 144 రెండూ మన వరసలోని అంకెలే.

పట్టీ ఒక చివర గుండుసూదితో బెజ్జం చేయండి. అక్కణ్ణుంచి ప్రతి సెంటీమీటరుకీ గీత పెట్టి 16 దాకా అంకెలు వేయండి. 16 దగ్గర పెన్సిల్ మొన పట్టేంత బెజ్జం చేయండి. షీటు కింద అట్ట పెట్టి, సూదిని పువ్వు మధ్య చుక్కలో గుచ్చి, పట్టీని తిప్పితే 16 సెంటీమీటర్ల వృత్తం వస్తుంది. మామూలు కంపాస్ అంత దూరం అందుకోదు.

వృత్తాన్ని 144 భాగాలు చేయడంలో ఒక జాగ్రత్త. గీతకీ గీతకీ దూరం దాదాపు 7 మిల్లీమీటర్లు వస్తుంది, కానీ 7 మిల్లీమీటర్లు కొలుచుకుంటూ నడవకండి. ప్రతి అడుగులో వెంట్రుకంత తేడా వచ్చినా 144 అడుగులకి ఒక గీతంత తేడా అయిపోతుంది. ముందు ప్రొట్రాక్టర్‌తో 30 డిగ్రీలకి ఒకటి చొప్పున 12 పెద్ద గీతలు పెట్టండి. ఒక్కో భాగంలో 5 డిగ్రీలకి ఒకటి చొప్పున చిన్న గీతలు, వాటి మధ్య సగంలో ఇంకో గీత. ప్రతి పెద్ద భాగంలోనూ 12 సందులు ఉంటే సరిపోయినట్టు. పైన నిట్టనిలువు గీత 0. అక్కణ్ణుంచి గడియారం ముల్లు తిరిగే వైపు 12, 24, 36 అని పెద్ద గీతల దగ్గర అంకెలు వేయండి.

ఇప్పుడు ఒక తెల్లకాగితం మీద జాబితా రాసుకోండి. 55తో మొదలు. ప్రతిసారీ 55 కలపండి, 144 దాటితే 144 తీసేయండి. 55, 110, 21, 76, 131, 42, 97, 8, 63, 118, 29, 84... ఇలా 144 అంకెలు. తప్పు దొర్లిందేమో చూసుకోవడానికి రెండు గుర్తులున్నాయి. 72వ అంకె సరిగ్గా 72 రావాలి. 143వది 89 రావాలి, దాని తరవాత 144, అంటే మళ్ళీ సున్నా గీత. మొత్తం జాబితాలో ఏ అంకే రెండుసార్లు రాకూడదు. నాకు మొదటిసారి 72వ చోట 71 వచ్చింది. ఎక్కడో ఒక కూడికలో 54 కలిపాను. షీటు మీద చుక్క పెట్టకముందే దొరికిపోయింది కాబట్టి కాగితం మిగిలింది.

దిక్కు తెలిసింది. ఇక దూరం. ఇక్కడే చాలామంది బొమ్మ పాడవుతుంది, నా మొదటి షీటు కూడా ఇక్కడే పాడైంది. చుక్క చుక్కకీ ఒకే కొలత దూరం పెంచుకుంటూ పోయాను. నడుమ చుక్కలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి, అంచుల్లో బోసిగా మిగిలింది. ఎందుకని? అంచు దగ్గర వలయం పెద్దది, ఎక్కువ చుక్కలు పట్టాలి. ఎన్ని ఎక్కువ? మొదటి సెంటీమీటరులో ఒకటి, రెండో సెంటీమీటరులో 3, మూడోదాంట్లో 5, నాలుగోదాంట్లో 7. బేసి సంఖ్యలు అలా పెరుగుతూ పన్నెండో సెంటీమీటరులో 23. కూడి చూడండి, పన్నెండు బేసి సంఖ్యలు కలిస్తే సరిగ్గా 144. వలయాల వైశాల్యం పెరిగేది కూడా 1, 3, 5, 7 లెక్కలోనే. అంటే ప్రతి చుక్కకీ సమానమైన చోటు పంచినట్టు. పొద్దుతిరుగుడికి ఈ లెక్కని ఫోగెల్ అనే ఆయన 1979లో సూత్రంగా రాశాడు. ఎన్నో చుక్క అయితే దాని వర్గమూలమంత దూరం అని. మనకి వర్గమూలాలు అక్కర్లేదు, బేసి సంఖ్యలు చాలు.

పని ఇలా సాగుతుంది. పట్టీని సూదికి గుచ్చి ఉంచండి. జాబితాలో మొదటి అంకె 55. పట్టీ అంచుని 55వ గీతకి ఆనించి, 1 సెంటీమీటరు దగ్గర పెన్సిల్ చుక్క. తరవాత 110వ గీత దగ్గర 1.4 సెంటీమీటర్లు. తరవాత 21 దగ్గర 1.7. తరవాత 76 దగ్గర 2. మూడో సెంటీమీటరులో అయిదు చుక్కలు: 2.2, 2.4, 2.6, 2.8, 3. అక్కణ్ణుంచి ఆ సెంటీమీటరుకి ఎన్ని చుక్కలో అన్నింటిని కంటి అంచనాతో సర్దుకోండి. తొమ్మిదో సెంటీమీటరు దాటాక దాదాపు రెండు చుక్కలకో మిల్లీమీటరు పెరుగుతుంది. పెట్టిన ప్రతి చుక్కకీ జాబితాలో అంకె కొట్టేయండి. ఫోన్ వస్తే ఎత్తకండి, లేదా కొట్టేసిన అంకె మీద వేలు పెట్టి ఎత్తండి.

30 చుక్కల దాకా ఏమీ కనిపించదు. చెదిరిన ఆవగింజల్లా ఉంటాయి. 50 దాటాక కన్ను పట్టుకుంటుంది. సుడులు తిరగడం మొదలవుతుంది, మీరు ఒక్క సుడీ గీయకుండానే.

రంగు వేయడానికి కొత్త పెన్సిల్ వెనక వైపు చదునైన చివరని పోస్టర్ కలర్‌లో ముంచి అద్దండి. దాదాపు 7 మిల్లీమీటర్ల గుండ్రటి చుక్క పడుతుంది. చుక్కకీ చుక్కకీ సందు మిగులుతుంది కాబట్టి కలిసిపోవు. రంగు మజ్జిగలా కాకుండా పెరుగులా ఉండాలి. ఆరాక వరసలు కలపండి. అంచు దగ్గర బాగా కనిపించేవి 21 వరసలు ఒక వైపు, 34 వరసలు ఇంకో వైపు. 1వ చుక్క నుంచి 22, 43, 64 అంటూ 21 గెంతుతూ పోతే ఒక సుడి. 35 నుంచి 69, 103, 137 అంటూ 34 గెంతితే దానికి ఎదురు తిరిగే సుడి. ఒకటి పసుపు, ఇంకోటి ముదురు ఎరుపు పెడితే బాగుంటుంది. అన్ని వరసలూ కలపకండి, మూడో నాలుగో కలిపి మిగతావి చూసేవాళ్ళ కంటికి వదిలేయండి.

పిల్లలతో చేస్తుంటే ఈ పరీక్ష తప్పక చేయించండి. వేరే కాగితం మీద 55కి బదులు 54 గెంతమనండి. ఒక్క గీతే తేడా. కోణం 135 అవుతుంది. పువ్వు మాయమై, చక్రం ఆకుల్లా ఎనిమిది తిన్నటి గీతలు మిగులుతాయి. వాటి మధ్య చోటంతా వృథా. 56 గెంతితే 140 డిగ్రీలు, 18 గీతలు. 137.5లో ఏముందో మాటలతో గంట చెప్పినా రానిది ఆ రెండు కాగితాలు పక్కపక్కన పెడితే వచ్చేస్తుంది.

ఒక మాట చెప్పి ముందుకెళ్తాను. ఈ వరసలో ఒక అంకెని దాని ముందు అంకెతో భాగిస్తూ పోతే సుమారు 1.618 దగ్గర నిలుస్తుంది, దాన్నే బంగారు నిష్పత్తి అంటారు. ఆ పేరుతో అన్నింటికీ ఈ అంకెలు అంటగట్టే ప్రచారం చాలా ఉంది. అందమైన ముఖం, శంఖం, గుడి గోపురం, అన్నింట్లోనూ ఉందంటారు. నాటిలస్ గవ్వది కూడా సుడే, కానీ బంగారు నిష్పత్తి సుడి కాదు. మీరు స్వయంగా లెక్కపెట్టింది నమ్మండి. అనాస, పొద్దుతిరుగుడు, ఈతచెట్టు మాను మీద మట్టల మచ్చలు, ఇవి చేత్తో తడిమి లెక్కపెట్టుకోగలిగినవి.

నరం కొమ్మలు

మెదడు గీత కింద అంచు మధ్యలో, కొంచెం వెనక్కి, ఒక మొదలు దింపండి. పొడవు 9 సెంటీమీటర్లు. అది రెండుగా చీలుతుంది, ఒక్కోటి 6.3. అవి మళ్ళీ రెండేసి, 4.4. తరవాత 3.1, 2.2, 1.5. ప్రతిసారీ 0.7తో గుణించడమే. చీలిక కోణం అటూ ఇటూ 25 డిగ్రీల చుట్టుపక్కల. అయిదు చీలికలకి 32 కొసలు వస్తాయి. లిండెన్‌మయర్ అనే హంగేరీ జీవశాస్త్రవేత్త 1968లో మొక్క పెరుగుదలని ఇలాగే రాతనియమంగా రాశాడు. ఉన్న ప్రతి గీతనీ ఒక చిన్న చీలికతో మార్చు, మళ్ళీ మార్చు అని.

లావుకి కూడా 0.7 పనికొస్తుంది. రెండు పిల్లకొమ్మల అడ్డకోత కలిస్తే తల్లికొమ్మ అడ్డకోతంత ఉంటుందని లియొనార్డో డావిన్చీ రాసుకున్నాడు. రెండూ సమానమైతే ఒక్కోదాని లావు తల్లి లావులో సుమారు 0.7 వంతు. మొదలు 8 మిల్లీమీటర్లయితే తరవాత 5.6, తరవాత 4. బ్రష్షుని నిదానంగా ఎత్తుకుంటూ పోతే సరిపోతుంది.

ఇంతవరకూ చేస్తే చెట్టు వస్తుంది, నరం రాదు. నరకణం రావాలంటే ఇంకో నియమం కావాలి. సాంతియాగో రామోన్ ఇ కాహాల్ అనే స్పెయిన్ డాక్టరు సూక్ష్మదర్శినిలో చూసి గీసిన చిన్నమెదడు కణాల బొమ్మలు చూడండి. పర్కింజె కణాలంటారు. గొల్జి కనిపెట్టిన రంగు అద్దకంతో ఆయన చూశాడు, ఇద్దరికీ కలిపి 1906లో నోబెల్ ఇచ్చారు. ఆ కణం విసనకర్రలా చదునుగా పరుచుకుంటుంది, ఒక కణం కొమ్మలు ఒకదాన్నొకటి తప్పించుకుని పెరుగుతాయి. కాబట్టి మన నియమం ఇదీ: కొమ్మ ఇంకో కొమ్మని తాకబోతే అక్కడే ఆపేయండి. లేదా పక్కకి వంచండి. చోటున్న వైపు ఇంకో చీలిక ఎక్కువ ఇవ్వండి. ఈ ఒక్క మాటతో 32 కొసలు 25 అవుతాయి, రెండు వైపులా అద్దంలో చూసినట్టు ఉండడం పోతుంది, ప్రాణం వస్తుంది.

మడతలు: పొడుగు తాడు, చిన్న ఇల్లు

పెద్దవాళ్ళ మెదడు పైపొర విప్పి పరిస్తే సుమారు 2000 చదరపు సెంటీమీటర్లు ఉంటుంది. మీ ముందున్న డ్రాయింగ్ షీటు వైశాల్యం 3976. అంటే సగం షీటు. దాన్ని పుర్రెలో పట్టించాలంటే ఉండ చుట్టాల్సిందే. పైపొరలో మూడింట రెండు వంతులు మడతల లోపలే దాక్కుంది. మందం రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్లు.

మడతలు ఎలా వస్తాయి? కడుపులో అయిదో నెల దాకా బిడ్డ మెదడు దాదాపు నున్నగా ఉంటుంది. తరవాత పైపొర లోపలి భాగం కన్నా వేగంగా పెరుగుతుంది. చోటు చాలక మడత పడుతుంది. 2016లో హార్వర్డ్‌లో ఎల్. మహాదేవన్ బృందం దీన్ని జెల్‌తో చూపించింది. బిడ్డ మెదడు ఆకారంలో నున్నటి జెల్ ముద్ద చేసి, దానిపై ఇంకో పల్చటి జెల్ పూత పూసి, ఒక ద్రవంలో ముంచారు. పూత ఉబ్బింది, నిజం మెదడులాంటి మడతలు పడ్డాయి.

మనం జెల్‌కి బదులు పురికొస వాడతాం. ముందు తాడు ఎంత కావాలో లెక్క. మెదడు గీత లోపలి వైశాల్యం సుమారు 1175 చదరపు సెంటీమీటర్లు. పువ్వు చుట్టూ ఒక సెంటీమీటరు వదిలి 13 సెంటీమీటర్ల వృత్తం తీసేస్తే 531 పోతుంది. మిగిలింది 644. గీతకీ గీతకీ 0.8 సెంటీమీటరు సందు కావాలనుకుంటే 644ని 0.8తో భాగించండి: 805 సెంటీమీటర్లు. ఎనిమిది మీటర్లు కోసుకోండి. ఈ భాగహారం ఏ ఆకారానికైనా పనిచేస్తుంది.

తాడు పరిచే ముందు 144 గీతల వృత్తాన్ని రబ్బరుతో చెరిపేయండి. పువ్వు చుట్టూ పట్టీతో 13 సెంటీమీటర్ల వృత్తం మాత్రం పల్చగా గీసి ఉంచండి. జిగురు పెట్టకుండా తాడు రెండు కొసలూ నరం మొదలు దగ్గర కలిసేలా, మెదడు గీతకీ ఈ వృత్తానికీ మధ్యదారిలో ఒక చుట్టు వేయండి. చుట్టుకి ఒక మీటరు సరిపోతుంది. ఇంకా ఏడు మీటర్లు చేతిలో ఉంటుంది. దాన్ని ఎక్కడ పెట్టాలన్నదే పని. పై అంచు వైపు, పువ్వు వైపు మార్చి మార్చి పది పన్నెండు పెద్ద మలుపులు తీయండి. తరవాత ప్రతి మలుపు పక్కలకీ అగ్గిపుల్లతో తోస్తూ బొడిపెలు తీయండి. మూడే నియమాలు: తాడు తాడుని తాకకూడదు, దాటకూడదు, గీత బయటికి పోకూడదు. ఎక్కడ ఖాళీ కనిపిస్తే అక్కడికి తోయండి. చివరి మీటరు చాలా విసిగిస్తుంది. తెగ్గోసేద్దామనిపిస్తుంది. కోయకండి. ఆ ఇరుకులోనే బొమ్మ మెదడులా మారేది.

మలుపుల రూపం విషయంలో చిన్న సూక్ష్మం. నిజం మెదడులో గట్లు గుండ్రంగా ఉబ్బి ఉంటాయి, లోయలు సన్నగా పదునుగా దిగుతాయి. కాబట్టి బయటికి వచ్చే మలుపుని బొటనవేలితో నొక్కి గుండ్రం చేయండి, లోపలికి దిగే మలుపుని అగ్గిపుల్లతో గిల్లి మొనదేల్చండి. అన్ని మలుపులూ ఒకేలా గుండ్రంగా ఉంటే జంతిక చుట్టలా కనిపిస్తుంది.

తృప్తిగా ఉన్నాక పైనుంచి తిన్నగా ఫోన్‌తో ఫోటో తీసుకోండి. జానెడు జానెడు చొప్పున తాడు ఎత్తి, కింద ఫెవికాల్ సన్నగా రాసి, మళ్ళీ దించండి. చెదిరితే ఫోటో చూసి సర్దుకోవచ్చు. ఫ్యాన్ ఆపి చేయండి. రాత్రంతా ఆరనివ్వండి.

పువ్వుని మెదడు నడిమధ్యన పెట్టడానికి నాకో కారణం ఉంది. కళ్ళు మూసుకుని రెప్పల మీద మెల్లగా చేయి ఆనిస్తే గళ్ళు, చక్రాలు, సుడులు కనిపించడం చాలామందికి అనుభవమే. క్లూవర్ అనే శాస్త్రవేత్త 1920ల్లో ఇలాంటి భ్రమల్లో కనిపించే రూపాలని నాలుగు జాతులుగా విడదీశాడు: గళ్ళు, సాలెగూళ్ళు, సొరంగాలు, సుడులు. 1979లో ఎర్మెంట్రౌట్, కోవన్ దానికి గణితం చెప్పారు. చూపుకి సంబంధించిన మెదడు పొర మీద తిన్నటి చారలుగా నడిచే నరకణాల అలజడి, చూపులోకి వచ్చేసరికి సుడిగా, వలయంగా మారుతుందని. పొద్దుతిరుగుడు సుడికీ కంటి సుడికీ కారణాలు వేరు. కానీ రెండింటినీ ఒకే కాగితం మీద చూసినప్పుడు నా మనసు ఆగిపోయింది, ఇప్పటికీ ఆ షీటు దగ్గర కాసేపు నిలబడకుండా వెళ్ళలేను.

గోడ మీద వేయాలనుకుంటే

ఇక్కడి కొండల్లో సవర ఇళ్ళ గోడలు చూసినవాళ్ళకి ఆ ఎర్రమట్టి మీద బియ్యప్పిండి తెలుపు ఎంత నిండుగా ఉంటుందో తెలుసు. ఈ ఊళ్ళోనే ఉంటూ సవర నేర్చుకుని ఆ భాషకి నిఘంటువు చేసిన గిడుగు రామమూర్తి గారి పేరు మనకి తెలుసు, ఆ గోడల్ని మాత్రం తక్కువగా చూస్తాం. ఒకటి గుర్తుంచుకోండి. ఇడితాల్ అనే వాళ్ళ గోడబొమ్మ అలంకారం కాదు, దేవతలకీ పెద్దలకీ వేసుకునేది. అందులోని మనుషుల్ని, గుర్రాల్ని, నెమళ్ళని తెచ్చి మీ బొమ్మలో అతికించకండి. మట్టి, పిండి, పుల్ల కుంచె మాత్రం నేర్చుకోండి.

గోడకి ఎర్రమట్టి రెండు పూతలు, మొదటిది పూర్తిగా ఆరాకే రెండోది. బియ్యం నాలుగు గంటలు నానబెట్టి మెత్తగా రుబ్బి పల్చటి గుడ్డలో వడకట్టండి. నేను మొదటిసారి పిండి ఒక్కటే వాడాను. వారం తిరక్కుండా పొట్టులా రాలిపోయింది. గ్లాసు పిండికి రెండు చెంచాల తుమ్మజిగురు నీళ్ళు కలిపాక నిలిచింది. వేపపుల్ల ఒక చివర నలగ్గొట్టి కుంచె చేసుకోండి. గోడకి కొలతలన్నీ రెట్టింపు చేయండి: వృత్తం 32 సెంటీమీటర్లు, చుక్కల దూరాలు రెట్టింపు. గీతలు మాత్రం అవే 144, గెంతు అదే 55. మడతలకి తాడు బదులు పిండి గీత కాబట్టి ముందు బొగ్గుతో పల్చగా గీసి, దాని మీద పిండి నడిపించండి. బొగ్గు గీత తడిగుడ్డతో పోతుంది, గోడ పచ్చిగా ఉంటే పోదు. వాన పడే వైపు గోడ ఎంచుకోకండి.

షీటు మీద వేసినదైతే అద్దం కట్టించేటప్పుడు తాడుకీ అద్దానికీ మధ్య సందు వదలమని చెప్పండి, లేకపోతే మడతలు అణిగిపోతాయి. కట్టించే ముందు వెనక వైపు పెన్సిల్‌తో ఆ నాలుగు అంకెలూ రాసి పెట్టండి: 144, 55, 0.7, తాడు 8 మీటర్లు. జాబితా కాగితం కూడా మడిచి అట్ట వెనక దోపండి. మీ ఇంటికొచ్చి ఇది ఎలా వేశారని అడిగిన పిల్లకి అది తీసి ఇవ్వొచ్చు.